ఆది చేపా, పిల్ల చేపా?

ఈ శీర్షికలో కిందటి నెల, దవడలున్న చేపలు సుమారు 44 కోట్ల ఏళ్ల కిందటే ఉన్నట్టు చైనాలో దొరికిన శిలాజాలు చెబుతున్నాయని నాలుగు మాటలు రాశాం. ఆ నాలుగు మాటలకు చెన్నై నుంచీ బెంగళూరు నుంచీ వచ్చిన ఉత్తరాలు మేము అనుకున్నదానికంటే ఎక్కువ. వాటిలో చాలా భాగం ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నందువల్ల, ఈ నెల పుటలన్నీ దానికే ఇస్తున్నాం.

ప్రశ్న: మేము పెరంబూరులో ఉంటాం. ఆదివారాలు కాశిమేడు వెళ్లి చేపలు తెచ్చుకోవడం మా ఇంట్లో అలవాటు. ఈ మధ్య ఒక పాల సొరను కోయించినప్పుడు దాని కడుపులో జానెడు పొడవున్న పిల్లలు కనిపించాయి. అవి అచ్చం తల్లిలాగే ఉన్నాయి. మిగతా చేపల పిల్లలు పెద్దవాటిలా ఉండవని తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి అంటోంది. మరి రాతిలో దొరికిన చేప పిల్లదో పెద్దదో ఎలా తెలుస్తుంది? తెలిస్తే మాత్రం ఒరిగేదేమిటి?
(ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై)

జవాబు: మీ అమ్మాయి చెప్పింది సరైన మాటే. నాలుక చేప పిల్ల గుడ్డులోంచి వచ్చినప్పుడు దాని కళ్లు చెరో పక్కనే ఉంటాయి. పెరిగేకొద్దీ ఒక కన్ను తల మీదుగా జరిగి రెండో కంటి పక్కకు చేరుతుంది. మలుగు పిల్లలు బల్లపరుపుగా, అవతలి వస్తువు కనిపించేంత పారదర్శకంగా ఉంటాయి. ఐరోపా మలుగు పిల్లలను ఒకప్పుడు లెప్టోసెఫలస్ అనే పేరుతో వేరే చేపగానే లెక్కించారు. అవి మలుగు పిల్లలేనని 1890లలో ఇటలీలో గ్రాసీ, కలండ్రుచ్చియో అనే ఇద్దరు తేల్చేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు. కళ్ల ముందు బతికున్న చేపల విషయంలోనే ఇంత పొరపాటు జరిగిందంటే, రాతిలో ఒక మరకగా మిగిలిన చేప విషయంలో ఎంత జరగవచ్చో ఊహించవచ్చు. ఊహించనక్కర లేదు కూడా, జరిగిన కథే ఉంది.

కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో, సముద్రపు గట్టున మిగ్వాషా అనే చోటు ఉంది. అక్కడి చరియల్లో సుమారు 38 కోట్ల ఏళ్ల నాటి, అంటే డెవోనియన్ యుగపు చివరి భాగానికి చెందిన చేపలు ఎంత చక్కగా నిలిచాయంటే, 1999లో యునెస్కో ఆ చోటును ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. ఆ రాళ్లలో కొన్ని మిల్లీమీటర్లు మొదలుకొని కొద్ది సెంటీమీటర్ల వరకు ఉండే సన్నని, అస్పష్టమైన శిలాజాలు పెద్ద సంఖ్యలో దొరికేవి. 1935లో వాటికి స్కౌమెనెల్లా అని పేరు పెట్టారు. ఇది వెన్నెముక ఏర్పడకముందటి ఆదిజీవి అని ఒకరు, దవడలు లేని కవచపు చేప డింభకమని (గుడ్డులోంచి వచ్చిన తొలి రూపమని) మరొకరు, అకాంథోడియన్లు అనే ముళ్ల చేపల పసితనమని ఇంకొకరు వాదించారు. ఆ తర్వాత సుమారు ముప్పై ఏళ్లపాటు మరో అభిప్రాయం పాతుకుపోయింది. అక్కడే విరివిగా దొరికే ట్రయాజ్యూగకాంథస్ అనే ముళ్ల చేప చచ్చి, కుళ్లి, ఎముకలు చెదిరిపోగా మిగిలిన అవశేషాలే ఇవన్నది ఆ అభిప్రాయం. కుళ్లిన చేప అనగానే దాని మీద ఎవరికీ ఆసక్తి ఉండదు కదా, అందువల్ల అవి మ్యూజియం సొరుగుల్లో ఉండిపోయాయి.

2015లో షెవ్రినే, క్లూటియే బృందం ఆ సొరుగులను మళ్లీ తెరిచింది. గొరక చేప తల కోసినప్పుడు బయటపడే తెల్లటి రాళ్లు మీరు చూసే ఉంటారు. అవి చేప లోపలి చెవిలో ఉండే చెవిరాళ్లు. అలాంటివే ఈ చిన్న శిలాజాల్లోనూ కనిపించాయి. వాటి లక్షణాలను బట్టి 188 నమూనాలు ట్రయాజ్యూగకాంథస్‌వేనని గుర్తించి, వాటిని పొడవు వరుసలో పేర్చారు. అతి చిన్నది 4.5 మిల్లీమీటర్లు, అతి పెద్దది 52 మిల్లీమీటర్లు. పేర్చి చూస్తే క్రమం కళ్లకు కట్టింది. అతి చిన్నవాటిలో పొలుసులు లేవు. ఎముక దాదాపు లేదు. కళ్ల గుర్తులు, చెవిరాళ్లు మిగిలాయి. పొడవు పెరిగేకొద్దీ పొలుసులు ఒంటి మీద కొంత మేర మొదలై, క్రమంగా ఒళ్లంతా పరచుకున్నాయి, ఎముక గట్టిపడింది, వాజాలూ వాటి ముళ్లూ స్పష్టమయ్యాయి. డింభకం, పిల్ల, పెద్ద అని మూడు దశలను విడదీయగలిగారు. కుళ్లు పొడవును చూసి పట్టదు. అన్నీ కుళ్లినవే అయితే పెద్ద చేపల్లోనూ పొలుసులు అడ్డదిడ్డంగా ఊడి ఉండాలి. ఇలా ఒకే క్రమంలో, పొడవుతోపాటు, వరుసగా కనిపించకూడదు.

పిల్లదో పెద్దదో ఎలా తెలుస్తుందన్న మీ ప్రశ్నకు జవాబు చాలావరకు ఈ కథలోనే ఉంది. ఒక్క నమూనాను చేతిలో పెట్టి వయసు చెప్పమంటే చెప్పడం కష్టం; ఒకే పొరలో దొరికిన ఒకే జాతి నమూనాలు పదులకొద్దీ ఉంటే, తల పెద్దదిగా, కంటి గుంట వెడల్పుగా, పొలుసు అరకొరగా ఉన్నవి ఒక కొసన, అవన్నీ పూర్తయినవి మరో కొసన నిలబడతాయి. లాట్వియాలోని లోదె అనే మట్టి గనిలో ఆస్టరోలెపిస్ అనే, దవడలూ ఒంటి మీద ఎముక పలకలూ ఉన్న కవచపు చేప పిల్లలు ఇలాగే గుంపుగా దొరికాయి. ఒక్కటే దొరికినా మరో దారి ఉంది: ఎముకను పలచగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే పెరుగుదల గీతలు కనిపిస్తాయి. కవచపు చేపల పలకలు తాము మొలకెత్తిన కేంద్రం నుంచి అంచుల వైపు పెరిగేవి కాబట్టి, పెద్ద చేప పలక నడుమ దాని చిన్ననాటి పలక అలాగే ఉండిపోయేది.

ఇక, ఒరిగేదేమిటన్నది. పిల్ల చేపకు ఎముక తక్కువ, పొలుసు తక్కువ, పళ్లు తక్కువ. ఆదిమ చేపకు ఉండవని మనం అనుకునే లక్షణాలూ ఇవే. అందుచేత పిల్లను పెద్దదనుకుంటే అది వంశవృక్షంలో తన చోటు వదిలి, ఎంతో కింది కొమ్మకు, పూర్వీకుల స్థానానికి జారిపోతుంది. కుళ్లు కూడా ఇదే పని చేస్తుందని 2010లో శాన్సమ్, గాబట్, పర్నెల్ అనే పరిశోధకులు దవడలు లేని లాంప్రే చేపలనూ ఆంఫియాక్సస్ అనే వెన్నెముక లేని చిన్న జీవులనూ ప్రయోగశాలలో కుళ్లబెట్టి, రోజువారీగా గమనించి చూపారు. ఒక జీవి ఏ వంశానిదో పట్టిచ్చే ప్రత్యేక లక్షణాలే ముందు కరిగిపోయి, అన్నింటికీ ఉమ్మడిగా ఉండే పాత లక్షణాలు చివరిదాకా మిగిలాయి. స్కౌమెనెల్లాను ఆదిజీవి అన్నవారు, డింభకం అన్నవారు, కుళ్లిన చేప అన్నవారు వాదించుకున్నది ఈ అయోమయంలోనే. నా మటుకు నాకు, ప్రాచీన చేపల మీద వెలువడే ప్రతి ప్రకటనలోనూ ‘అత్యంత ఆదిమమైనది’ అన్న మాట కనిపించినప్పుడు, చనిపోయే నాటికి దాని వయసెంతో ముందు చెప్పమని అడగాలనిపిస్తుంది.

మరొక లాభం మీ పాల సొరకే సంబంధించింది. ఇప్పటి సొర ఒంటి మీద గరుకుగా తగిలే సూక్ష్మమైన పొలుసులు పుట్టాక పెరగవు. ఒంటి పెరుగుదలకు తగ్గట్టు కొత్తవి వస్తాయి. అకాంథోడియన్ల పొలుసు అలా కాదు. అది ఉల్లిగడ్డలాగా పొర మీద పొర చుట్టుకుంటూ పెరిగేది. అడ్డంగా కోస్తే అన్నింటికంటే లోపల ఉండేది ఆ చేప పసితనపు పొలుసు. ఈ ముళ్ల చేపలు సొరల వంశపు తొలి శాఖలని ఇప్పుడు ఎక్కువమంది పరిశోధకులు అంగీకరిస్తున్నారు. అంటే సొరల పూర్వీకులకు పెరిగే పొలుసులు ఉండేవనీ, ఇప్పటి సొర పొలుసు తర్వాత వచ్చిన మార్పు అనీ తేలుతోంది. సొర ఎముక కథ కూడా ఇంతే. మంగోలియాలో దొరికిన, సుమారు 41 కోట్ల ఏళ్ల నాటి మింజీనియా అనే కవచపు చేప పుర్రెలో, మృదులాస్థి స్థానంలో లోపలి నుంచి ఏర్పడే అసలైన ఎముకను 2020లో బ్రేజో బృందం చూపింది. సొరకు ఎముక లేకపోవడం ఆదిమ స్థితి అని పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పాయి. అది ఉన్నదాన్ని పోగొట్టుకున్న స్థితి కావచ్చని ఈ శిలాజం అంటోంది.

ప్రశ్న: నేను బెంగళూరులో ఇంటర్ విద్యార్థులకు జీవశాస్త్రం చెబుతాను. పిండం ఎదిగే క్రమంలో తన పూర్వీకుల చరిత్రను మళ్లీ నడిచి చూపుతుందని మా రోజుల్లో చదువుకున్నాం. అలాగైతే ప్రాచీన చేప పిల్ల రూపాన్ని దాని పూర్వీకుల రూపంగా తీసుకోవచ్చు కదా? మీరు పైగా దాన్నే పొరపాటు అంటున్నట్టున్నారు.
(ఒక ఉపాధ్యాయుడు, జయనగర్, బెంగళూరు)

జవాబు: ఔనండీ, పొరపాటనే అంటున్నాం. మీరు చదువుకున్నది 1866లో జర్మనీ శాస్త్రవేత్త హెకెల్ ప్రచారంలోకి తెచ్చిన సిద్ధాంతం. దానికి సుమారు నలభై ఏళ్ల ముందు, 1828లో, ఫాన్ బేయర్ దీనికి భిన్నమైన, మరింత జాగ్రత్తగల మాట చెప్పాడు: ఒక జంతువు పిండం మరో జంతువు పిండాన్ని పోలి ఉంటుందే తప్ప, దాని పెద్ద రూపాన్ని పోలి ఉండదు. చరిత్రలో హెకెల్ మాటకు ఎక్కువ పేరు రావడం విచిత్రం. ఫాన్ బేయర్ మాట మాత్రం ఇప్పటికీ నిలిచి ఉంది.

దీనికి శిలాజాలే ఇచ్చిన ఒక చక్కటి ఉదాహరణ ఉంది. లాంప్రేలు దవడలు లేని చేపలు. ఇప్పటి లాంప్రే డింభకం నది అడుగున బురదలో దూరి, నీటిని వడగట్టుకొని తింటూ, కొన్ని ఏళ్లు అలాగే గడుపుతుంది; దాని కళ్లు చర్మం కింద కప్పబడి ఉంటాయి; పెద్ద లాంప్రేకు ఉండే చప్పరించే నోరు గానీ, పళ్లు గానీ దానికి ఉండవు. ఈ డింభకాన్ని చూసి, వెన్నెముక గల జంతువులన్నింటి తొలి పూర్వీకుడు ఇలాంటిదే అయి ఉంటుందని నూరేళ్లకు పైగా పుస్తకాలు చెబుతూ వచ్చాయి. వడగట్టి తినే ఆంఫియాక్సస్ కూడా పక్కనే ఉండడంతో ఆ ఊహ మరింత నమ్మదగినదిగా కనిపించింది.

దక్షిణ ఆఫ్రికాలోని మఖాండా పట్టణం దగ్గర వాటర్లూ ఫామ్ అనే చోట, సుమారు 36 కోట్ల ఏళ్ల నాటి నల్లటి పలకరాళ్లలో ప్రిస్కోమైజన్ అనే లాంప్రే దొరికింది. 2021లో మియాషిటా బృందం ఆ లాంప్రే పిల్లలను వయసు వరుసలో చూపింది. వాటిలో అతి చిన్నదానికి గుడ్డు సొన సంచి పొట్టకు ఇంకా అంటుకొని ఉంది. అంటే అది గుడ్డులోంచి బయటపడి ఎంతో కాలం కాలేదు. అయినా దానికి అప్పటికే పెద్ద కళ్లు ఉన్నాయి, పెద్ద లాంప్రేకున్నట్టే చప్పరించే నోరూ ఉంది. బురదలో దూరే గుడ్డి డింభకపు దశ జాడ లేదు. అమెరికాలోని మేజన్ క్రీక్, బేర్ గల్చ్ అనే చోట్ల దొరికిన మరికొన్ని ప్రాచీన లాంప్రే పిల్లలూ ఇదే మాట చెప్పాయి. కాబట్టి ఇప్పటి లాంప్రే డింభకం పూర్వీకుల జ్ఞాపకం కాదు. లాంప్రేలు తర్వాతి కాలంలో సొంతంగా సమకూర్చుకున్న జీవనదశ. దవడల పుట్టుకను ఆలోచించేవారికి దీనివల్ల కలిగే తేడా చిన్నది కాదు. దవడలు లేని పూర్వీకుణ్ణి బురదలో వడగట్టుకొని తినే జీవిగా ఊహించి అక్కడి నుంచి దవడ దాకా మెట్లు కట్టినవారు, ఇప్పుడు మొదటి మెట్టునే మార్చుకోవలసి వచ్చింది.

దవడ వరకు వస్తే, పిండ దశ పనికిరాదని కాదు. పిండంలో మొప్పల దగ్గర వరుసగా ఏర్పడే వంపుల్లో మొదటిది దవడగా మారుతుంది. ఎలుక పిండంలో డీఎల్ఎక్స్ అనే కుటుంబానికి చెందిన రెండు జన్యువులను పనిచేయకుండా చేసినప్పుడు, కింది దవడ కావలసిన భాగం పై దవడ రూపం తీసుకుందని 2002లో డెపియు బృందం చూపింది. ఏ వంపు ఏ ఎముకగా తయారవుతుంది, పై భాగం ఏది, కింది భాగం ఏది అన్న సంగతులు పిండం చెప్పగలదు. కానీ 42 కోట్ల ఏళ్ల కిందటి పెద్ద చేప ముఖం ఎలా ఉండేదో చెప్పడం దాని వల్ల కాదు. దానికి ఆ నాటి చేప దొరకాలి. తరగతిలో ఈ రెండింటినీ విడదీసి చెబితే చాలు. హెకెల్ బొమ్మలను మాత్రం గోడ మీద నుంచి తీసేయవచ్చు.

ప్రశ్న: నేను చెన్నైలో దంతవైద్యం మూడో సంవత్సరం చదువుతున్నాను. మొదటి దవడలకు పళ్లు ఉండేవా? ఎముక అంచే పన్నులా పనిచేసేదా? శిలాజ పన్ను పెరిగిన తీరును చూడగలమా?
(ఒక విద్యార్థిని, పోరూరు, చెన్నై)

జవాబు: ఇది ఈ రంగంలోనే అన్నిటికంటే ఎక్కువ వాదం నడిచిన ప్రశ్న. పెద్ద కవచపు చేపలను, ముఖ్యంగా అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో దొరికే డంక్లియోస్టియస్‌ను చూసినవారికి దాని నోట్లో పళ్లు కనిపించవు; కత్తెర అంచుల్లా ఒకదానికొకటి రాసుకుంటూ పదునెక్కే ఎముక పలకలే కనిపిస్తాయి. దాంతో కవచపు చేపలకు పళ్లు లేవనీ, పళ్లు తర్వాత వచ్చాయనీ చాలాకాలం అనుకున్నారు. ఇక్కడ కూడా చూసినవి పెద్దవి, అరిగినవి. అరిగిన పలకలో దాని బాల్యం కనిపించదు.

2012లో రూక్లిన్ బృందం పశ్చిమ ఆస్ట్రేలియాలోని గోగో సున్నపురాయిలో దొరికిన కంపాగోపిసిస్ అనే కవచపు చేప దవడను, స్విట్జర్లాండ్‌లోని సింక్రోట్రాన్ అనే యంత్రంలో వెలువడే శక్తివంతమైన ఎక్స్‌రే కిరణాలతో పొర పొరగా చిత్రించింది. సింక్రోట్రాన్ గొప్పతనం ఏమిటంటే, నమూనాను కోయనక్కర లేకుండానే, మీరు కళాశాలలో పలచటి దంతపు కోతను సూక్ష్మదర్శినిలో చూసినంత వివరంగా, లోపలి పెరుగుదల గీతలను చూడవచ్చు. దవడ ఎముక ఒక కేంద్రం నుంచి పెరిగిందనీ, ఆ కేంద్రం దగ్గరివి అతి పాత పళ్లనీ, అక్కడి నుంచి రెండు మూడు దిక్కులుగా సాగిన వరుసల కొసన ఉన్నవి కొత్తవనీ ఆ గీతలు చెప్పాయి. ఒక్కో పన్నులో డెంటిన్ అనే గట్టి పంటి పదార్థం ఉంది; మెత్తటి పల్పు ఉండే కుహరం కూడా ఉండేది, అది క్రమంగా పూడుకుపోయింది. ఊడి, దాని చోటులో కొత్తది రావడం మాత్రం లేదు; పాతవి అరిగి అక్కడే ఉండిపోయేవి. ఇవి మన పళ్లకు వారసత్వంగా సరిపోలేవేనా, ఆ వంశం సొంతంగా తయారుచేసుకున్నవా అన్న వాదం ఆ తర్వాత కూడా నడిచింది.

దానికి 2020లో ప్రాగ్ పరిసరాల శిలాజాలు కొత్త దారి చూపాయి. 40 కోట్ల ఏళ్లకు పైబడిన రాడోటినా, కొసొరాస్పిస్, త్లమాస్పిస్ అనే కవచపు చేపలు మరింత ప్రాచీనమైన శాఖకు చెందినవి. వాష్కనినోవా బృందం వాటిని ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ సింక్రోట్రాన్‌లో పరీక్షించినప్పుడు, దవడ అంచు వెంట పళ్లు ఉన్నాయని, కొత్త పళ్లు నాలుక వైపున చేరేవని తేలింది. నాలుక వైపు నుంచి కొత్త పన్ను రావడమన్నది సొరలోనూ ఎముకల చేపల్లోనూ, మీ తరగతిలోని మనుషుల నోటిలోనూ ఉన్న పద్ధతే. ఈ క్రమం దవడలున్న జీవుల మొదటి అంచెలోనే ఉండేదన్నమాట. 2022లో చైనాలోని గుయ్‌ఝౌ రాష్ట్రం నుంచి వచ్చిన చియానోడస్ పళ్లు దీన్ని ఇంకా వెనక్కి, సుమారు 43.9 కోట్ల ఏళ్లకు నెట్టాయి. అవి విడిగా దొరికిన, కొద్ది మిల్లీమీటర్ల పళ్ల చుట్లు. చేప ఒళ్లు దొరకలేదు. అయినా ఒక చుట్టులో పళ్లు ఒకదాని తర్వాత ఒకటిగా చేరిన వరుస స్పష్టంగా ఉండడం వల్లే, అవి పొలుసులు కావు, దవడ మీది పళ్లే అని చెప్పగలిగారు.

దవడ ఎముక సంగతి కూడా ఒక మాట చెప్పుకోవాలి. యునాన్‌లోని చూజింగ్ దగ్గర దొరికిన ఎంటెలోగ్నాథస్‌ను 2013లో ఝూ మిన్ బృందం ప్రకటించింది. ఇరవై సెంటీమీటర్ల ఆ చేప ఒంటి కవచం పాత పద్ధతిదే. దవడ అంచున మాత్రం మీరు పాఠంలో చదివే మాక్సిల్లా, ప్రీమాక్సిల్లా, డెంటరీ అనే పై, కింది దవడ ఎముకలకు సరిపోలేవి ఉన్నాయి. నేను ఈ రంగంలో చదివిన వాటిలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆశ్చర్యపరిచిన శిలాజం ఇదే.

ప్రశ్న: పాల సొరలాగా ఆ కాలపు చేపలు కూడా పిల్లలను కనేవా? గుడ్లు పెట్టేవా?
(ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు)

జవాబు: కొన్ని కనేవి. గోగోలోనే దొరికిన, సుమారు 38 కోట్ల ఏళ్ల నాటి ఒక తల్లి కవచపు చేప కడుపులో పిండాన్నీ, దానికి తగిలిన బొడ్డుతాడునూ 2008లో జాన్ లాంగ్ బృందం గుర్తించింది. ప్రకృతి చిత్రాలతో ప్రసిద్ధుడైన డేవిడ్ ఆటెన్‌బరో పేరు మీదుగా దానికి మాటర్‌పిసిస్ ఆటెన్‌బరోయై అని పేరు పెట్టారు. కడుపులో ఉన్నది తిన్న చేప కాదని ఎలా తెలిసిందంటే, ఆ చిన్న ఎముకలు నమిలినట్టు విరగలేదు, జీర్ణరసాలకు కొరుక్కుపోలేదు; పైగా వాటి పంటి పలకలు తల్లి పలకలకే సూక్ష్మ ప్రతులు. ఇది తెలిశాక, అదే చోటి ఇన్సిసోస్కుటమ్ అనే మరో కవచపు చేపలో అంతకుముందు ‘చివరి భోజనం’ అని రాసిపెట్టిన చిన్న ఎముకలను మళ్లీ చూశారు. అవీ పిండాలే. 2009లో ఆ సవరణ వెలువడింది.

పుట్టాక పిల్లలు ఎక్కడ పెరిగేవో చెప్పే చోటు బెల్జియంలో స్ట్రూడ్ అనే ఊళ్లో ఉంది. డెవోనియన్ చివరి నాటి ఆ పొరలో మూడు రకాల కవచపు చేపల పిల్లలు గుంపుగా దొరికాయి. అది పెద్ద చేపలు పిల్లలను వదిలిన నిదానపు నీటిపాయ అయి ఉంటుందని 2016లో ఒలీవ్ బృందం వాదించింది.

ప్రశ్న: ఇలాంటివి మన దగ్గర దొరకవా?
(ఒక పాఠకుడు, తాంబరం)

జవాబు: మీ ఇంటికి దగ్గర్లోని పల్లావరం కొండ చార్నకైటు అనే రాయి, అది భూగర్భంలో తీవ్రమైన వేడికి మారిన పురాతన శిల. అందులో ఏ జీవి శిలాజమూ ఉండదు. బెంగళూరు లాల్‌బాగ్ కొండా అంతే, అది వెన్నెముక గల జీవులు పుట్టకముందు ఎన్నో వందల కోట్ల ఏళ్ల నాటిది. అరియలూరు, తిరుచ్చి ప్రాంతంలో సొర పళ్లు దొరుకుతాయి గానీ అవి క్రిటేషియస్ యుగానివి, కవచపు చేపలు అంతరించిన పాతిక కోట్ల ఏళ్ల తర్వాతివి. మన ప్రాణహిత, గోదావరి లోయలోని కోట పొరల చేపలు జురాసిక్ యుగానివి. 19వ శతాబ్దంలోనే వాటిని వర్ణించారు. చక్కటి చేపలే, ఈ ప్రశ్నకు మాత్రం అవి చాలా ఆలస్యంగా వచ్చినవి.

ప్రశ్న: పిల్లదో పెద్దదో ఇప్పటికీ తేలని చేప ఏదైనా ఉందా?
(ఒక కళాశాల విద్యార్థి, రాయపురం, చెన్నై)

జవాబు: ఉంది, దాని పేరు పేలియోస్పాండిలస్. స్కాట్లండ్ ఉత్తరపు కొసన అకనారస్ అనే రాతి గనిలో దొరికిన ఈ చిన్న చేపను 1890లో ట్రాక్వేర్ వర్ణించాడు. వయసు సుమారు 39 కోట్ల ఏళ్లు, పొడవు కొద్ది సెంటీమీటర్లు. వెన్నుపూసలు స్పష్టంగా ఉన్నాయి, పుర్రె ఉంది; పళ్లు లేవు, ముఖం మీది పలక ఎముకలు లేవు. లాంప్రే బంధువని, హాగ్‌ఫిష్ అనే మరో దవడలు లేని చేప అని, సొరల జ్ఞాతి అని, కప్ప డింభకం వంటిదని ఎన్నో పేర్లు పడ్డాయి. 2003లో దీన్ని ఊపిరితిత్తుల చేప డింభకమన్నారు. అదే గనిలో డిప్టెరస్ అనే ఊపిరితిత్తుల చేప దొరుకుతుంది కాబట్టి ఆ మాట నమ్మబుద్ధి వేసింది. కానీ చిన్న డిప్టెరస్‌కు పంటి పలకలు ఉన్నాయి, దీనికి లేవు.

దాని ఎముకల నిర్మాణమే అసలు చిక్కు. సూక్ష్మదర్శినిలో చూస్తే అది ఉబ్బిన కణాల గదులతో నిండిన, ఖనిజం పట్టిన మృదులాస్థి. మన చేతి ఎముక తయారయ్యేటప్పుడు తొలి దశలో మృదులాస్థి కణాలు ఇలాగే ఉబ్బి, ఆ తర్వాత వాటి చోట్లో ఎముక చేరుతుంది. పేలియోస్పాండిలస్‌లో ఆ రెండో పని జరగలేదు. ఇది పెరుగుదల మధ్యలో చనిపోయిన పిల్ల అయితే దాని పెద్ద రూపం మరో పేరుతో ఎక్కడో ఉండాలి. లేదా ఆక్సోలాటల్ అనే మెక్సికో ఉభయచరం లాగా, జీవితమంతా పసి రూపంలోనే ఉండిపోయే జాతి అయి ఉండాలి. 2022లో హిరాసావా బృందం జపాన్‌లోని స్ప్రింగ్-8 సింక్రోట్రాన్‌లో, తల చెక్కుచెదరని నమూనాలను పరీక్షించి, ఇది నాలుగు కాళ్ల జంతువుల పూర్వీకులైన చేపల దగ్గరి బంధువని ప్రకటించింది. ఆ కుటుంబంలో అందరికీ పళ్లూ, ముఖపు పలకలూ, జంట వాజాలూ ఉన్నాయి కాబట్టి, ఇవి లేకపోవడాన్ని డింభక దశతోనో, పసి రూపం నిలిచిపోవడంతోనో వివరించవలసి వచ్చింది. ఇతర పరిశోధకులు అందరూ దీనికి ఒప్పుకోలేదు. గుడ్డు సొన సంచి అంటి ఉన్న ప్రిస్కోమైజన్ పిల్ల లాంటి ఒక్క నమూనా దీనికీ దొరికితే వాదం సగం తీరిపోతుంది. అకనారస్‌లో ఇప్పటిదాకా దొరికిన వాటిలో అలాంటిది లేదు.